గీత గీసిన మాట

నిఘంటువు ఆఫీసులో రెండో అంతస్తు, కిటికీ పక్క బల్ల ఆమెది. పదిహేడేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ. కుర్చీకి ఒక కాలు పొట్టి. దానికింద మడతపెట్టిన అట్టముక్క మాత్రం నాలుగైదుసార్లు మారి ఉంటుంది. ఆఫీసులో అందరూ ఆమెను చీటీలమ్మ అనేవారు. వెక్కిరింతగా మొదలైన పేరే అయినా, వాడగా వాడగా అందులోని ముల్లు విరిగిపోయి ఆపేక్షే మిగిలింది.

అక్కడ తయారయ్యేది ఇంగ్లీషు నిఘంటువు. ఇంగ్లీషులో కొత్తగా పుట్టిన మాటలను పట్టుకుని, అవి నిజంగా జనం నోట బతుకుతున్నాయా, ఎవరో ఒక్కపూట సరదాకి అని వదిలేసినవా అని తేల్చి, నాలుగేళ్లకోసారి అనుబంధం అచ్చువేస్తారు. అందుకోసం ఎక్కడెక్కడి నుంచో చీటీలు వస్తాయి. చీటీ అరచేతి అంత ఉంటుంది. పైన మాట. దాని కింద ఆ మాట దొరికిన వాక్యం, వాక్యంలో ఆ మాట కింద ఎర్ర గీత. అడుగున చిన్న గళ్లు: ఎవరన్నారు, ఏం పని చేస్తారు, వయసెంత, ఎక్కడ, ఏ తేదీన. వాటిని మాటవారీగా విడదీసి, పాత తేదీ పైకి, కొత్తది కిందికి వచ్చేలా పేర్చి, దారం కట్టి సొరుగులో పెట్టడం చీటీలమ్మ పని.

పొద్దున్నే సొరుగు తెరిచేముందు ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకునేది. 'ఎవరి నోటి మాటో నా చేతికి వస్తోంది, పాడుచెయ్యనివ్వకు తండ్రీ' అని అనుకునేది. ఊరి బడిలో ఆమెకు అక్షరాలు దిద్దించిన పంతులమ్మ నేర్పిన అలవాటు అది. పుస్తకం తెరిచేముందు దండం పెట్టుకో, రాసినవాళ్ల కష్టం అందులో ఉంటుంది అనేది ఆవిడ.

ఇంట్లో ముగ్గురే. ఆమె, భర్త, అత్తయ్య. అత్తయ్యకు కోడలి ఉద్యోగం ఎప్పుడూ వింతే.

"ఇంతకీ మాటలెలా పుడతాయే అమ్మాయ్? కోడి పెట్టదు, ఆవు ఈనదు," అనేది బియ్యంలో రాళ్లు ఏరుతూ.

"రెండు మాటలు పక్కపక్కన కూర్చుంటాయి అత్తయ్యా. కొన్నాళ్లకి అతుక్కుపోతాయి. ఇంకొన్నాళ్లకి ఒకదాని తల, ఇంకోదాని తోక మాత్రం మిగులుతాయి. పొగకి వాళ్లు స్మోక్ అంటారు, మంచుకి ఫాగ్ అంటారు. రెండూ కలిసి స్మాగ్ అయింది."

"పెళ్లన్నమాట. మరి మా ఇంట్లో తల మావాడిదేనా, నీదా?"

"తోక మాత్రం మీ అబ్బాయిదే," అనేది చీటీలమ్మ. ముసలావిడ నవ్వి నవ్వి చేట పక్కన పెట్టేసేది.

"ఆ తర్వాత వాడకంలో అరుగుతాయి అత్తయ్యా. ఇన్‌ఫ్లూయెంజా అని అంత పొడుగు ఎవరంటారు? ఫ్లూ అంటారు. ఆమ్నిబస్ అరిగి బస్సయింది."

"చీపురులాగా."

"అచ్చం చీపురులాగే. పొట్టిదయిందంటే చాలా ఊడ్చిందని లెక్క."

భర్త ఊరి చివర రాతిపలకల కార్ఖానాలో పనిచేసేవాడు. రాతిపొడిని జిగురుతో కలిపి, అచ్చుపోసి, కోసి, అద్దంలా మెరుగుపెట్టి, వంటగట్ల మీద పరిచే పలకలు తయారుచేస్తారక్కడ. ఆయన ఉండేది బయటి షెడ్డులో, మెరుగుపట్టే యంత్రం దగ్గర. యంత్రం మీద ఎప్పుడూ నీళ్లు పారుతూనే ఉంటాయి కాబట్టి పొద్దుగూకేసరికి మోకాళ్లదాకా తడిసి వచ్చేవాడు. అక్కడ పదిరకాల భాషలవాళ్లు ఉండటంతో అందరికీ అందుబాటులో ఉన్నది ముక్కలు ముక్కల ఇంగ్లీషే. ఆయన ఎవరికైనా ఇట్టే వరస కలిపేస్తాడు. భాష రానివాళ్లు కూడా ఆయన్ని 'బావా' అనే పిలిచేవారు.

ఎనిమిది నెలల కిందట ఒక సాయంత్రం, పెరట్లో కాళ్లు కడుక్కుంటూ ఆయన అన్నాడు: "ఏమోయ్, నీకో మాట తెచ్చాను."

"ఎవరన్నా పళ్లు తెస్తారు, పూలు తెస్తారు," అంది అత్తయ్య లోపల్నుంచి.

"పళ్లు కుళ్లిపోతాయమ్మా. ఇది ఆవిడ సొరుగులో నూరేళ్లుంటుంది." ఆమె వైపు తిరిగాడు. "లోపలి గదిలోవాళ్లు ఒక దగ్గుకి పేరు పెట్టారు. స్లాబ్ కాఫ్, అంటే పలక దగ్గు, అంటున్నారు. మీ పుస్తకంలో ఉందా?"

లేదు. ఆమెకు తెలుసు, లేదు. తడిచేతులతోనే చీటీ తెచ్చి రాయించుకుంది. ఆ మర్నాటి నుంచి ఆయన టిఫిన్ డబ్బా అడుగున ఖాళీ చీటీలు పెట్టడం మొదలుపెట్టింది.

పదిహేడేళ్లలో ఆమె చూసిన మాటలన్నీ ఎక్కడో పుట్టి, పెరిగి, నడక నేర్చి ఆమె బల్ల మీదికి వచ్చినవే. పుడుతున్న మాటను చూడటం ఇదే మొదలు. మొదటి నెలలో రెండు మాటలూ విడివిడిగా ఉన్నాయి. రెండో నెలకు అతుక్కుని స్లాబ్‌కాఫ్ అయ్యాయి. నాలుగో నెల రాకముందే అరిగి 'స్లాఫ్' అయ్యాయి. తర్వాత అదే మాట క్రియ అయింది. ఫలానావాడు 'స్లాఫ్డ్' అని రాసుకొచ్చాడు భర్త. ఆరో నెలలో దానికి తోక తగిలించి, అది వచ్చినవాళ్లను 'స్లాఫర్లు' అన్నారు.

పెద్దాయనకు చూపించింది. నిఘంటువుకి సంపాదకుడు ఆయన. బల్ల సొరుగులో పావురాలకు నూకలు దాచుకునేంత మెత్తని మనిషి. కట్ట విప్పి చూసి కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"మనమెప్పుడూ పురుడు అయిపోయాక వెళ్లేవాళ్లం తల్లీ. నువ్వు మంచం పక్కన నుంచున్నావు," అన్నాడు. "కాకపోతే విన్నవాళ్లు చెప్పగా రాసినవి పనికిరావు. అన్నవాళ్ల నోటి నుంచే రావాలి. వయసులూ అవీ సరిగ్గా రాయించు."

ఆ మాటే ఆమె ఇంటికి మోసుకొచ్చింది. "ఏమండీ, లోపలి గదిలోవాళ్లు అంటున్నారన్నారు కదా. టీ వేళ మీరే అక్కడికెళ్లి కూర్చోండి. వాళ్లతో మాట కలిపి, విన్నది విన్నట్టు రాయండి."

"అలాగే, మహారాణి ఆజ్ఞ," అన్నాడాయన.

అప్పటినుంచి రోజూ టీ గ్లాసు పట్టుకుని లోపలి గదికి వెళ్లేవాడు. అక్కడ నీళ్లుండవు. పలకలను పొడిగానే కోస్తారు. అందరి కనుబొమ్మలూ తెల్లగా ఉంటాయని, ఎవరు ముసలో ఎవరు పడుచో వయసు అడిగితే తప్ప తెలియదని నవ్వుతూ చెప్పేవాడు. ఆమె కూడా నవ్వేది. చీటీ అందుకుని ఎర్ర గీత మీద వేలు పెట్టి, గీత గీసిన మాట చూసి, తేదీ చూసి, వరసలో దూర్చేది. అంతకుమించి చూడదు. రోజుకు రెండొందల చీటీలు తిరగేసే చెయ్యి అది. కూరలమ్మేవాడికి కాటా ముల్లు తప్ప వంకాయ కనిపించనట్టు, ఆమె కళ్లకు గీత గీసిన మాట తప్ప వాక్యం కనిపించేది కాదు.

ఆయనకు దగ్గు మొదలైంది. వానల్లో తడిశాను కదా అన్నాడు. కాబోలు అనుకుంది.

ఒక మంగళవారం ఆయన ఈలవేసుకుంటూ వచ్చాడు. "సోమవారం నుంచి నన్ను లోపలి గదిలోకి వేస్తున్నారు. మేస్త్రీ పిలిచి మరీ చెప్పాడు. ఎలాగూ నువ్వు వాళ్లందరికీ అలవాటేగా, ముగ్గురి చోటు ఖాళీగా ఉంది అన్నాడు. ఇక కాళ్లు నానవు. కూర్చునే పని."

"హమ్మయ్య," అంది అత్తయ్య. "నీ కాలివేళ్లు చూస్తే నాకు కడుపు తరుక్కుపోతోందిరా."

చీటీలమ్మకూ సంతోషంగానే ఉంది. ముగ్గురి చోటు ఎందుకు ఖాళీ అయిందని ఆమె అడగలేదు.

మర్నాడు ఆఫీసుకు ఒక మందపాటి కవరు వచ్చింది. పంపినవాడు వేరే ఊళ్లో ఉండే ఒక ముసలి అచ్చుపనివాడు. పని మానేసి పదేళ్లయింది కానీ, పాత కాగితాల దుకాణాల్లో కట్టలు విప్పి, కంటపడిన కొత్త మాటల్లా చీటీ మీద అతికించి పంపడం మానలేదు. ప్రతి కవరులోనూ ఒక చిన్న ఉత్తరం కూడా పెట్టేవాడు, మీ అందరి ఆరోగ్యాలూ బాగుండాలని. ఈసారి చీటీల్లో ఒకటి పొడి అక్షరాల మాట. మూడు మాటల మొదటి అక్షరాలు తీసి కూర్చినది: డి.ఆర్.సి. ధూళి సంబంధమైన ఫిర్యాదు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలకు పొట్టిపేరు. ఇలాంటివి ఆమెకు కొత్తకాదు. రాడార్ కూడా అలా పుట్టిందే. గీత చూసింది, తేదీ చూసింది, అక్షరాల కట్టలోకి దూర్చబోయింది.

"ఆగాగు, దాని మూల లేచిపోయింది," అంది పక్క బల్లావిడ. ఊడిన కాగితాలు అతికించే పని ఆవిడది. అందరూ గమ్ సీసా అంటారు. అతికించినది ఆరేదాకా బొటనవేలితో నొక్కిపట్టి, ఊసుపోక ఆ చీటీ పైకి చదవడం ఆవిడ అలవాటు. ఆ రోజూ చదివింది.

"'డి.ఆర్.సి. కనిపించినవారిని లోపలి గది నుంచి గేటు పనికి మార్చి, వారి స్థానంలో బయటి షెడ్డు నుంచి తీసుకోవలెను. కార్మికుల ఎదుట ఈ మాట వాడరాదు. సీజన్ దగ్గు అని మాత్రమే చెప్పవలెను.'" తలెత్తింది. "ఇదేంటే, రాతిపలకల కంపెనీ లోపలి కాగితంలా ఉంది. మీ ఆయన పనిచేసేది ఇలాంటి చోటే కదూ?"

చీటీలమ్మ చీటీ తీసుకుని కంపెనీ పేరు చూసింది. ఇలాంటి చోటు కాదు. అదే చోటు. తేదీ ఆరేళ్ల కిందటిది.

సొరుగులోంచి స్లాఫ్ కట్ట తీసింది. దారం ముడి రాలేదు. గమ్ సీసా కత్తెర అందించింది.

ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆమె గీత వదిలేసి వాక్యాలు చదివింది.

'వారం సెలవు పెట్టినా ఈ స్లాబ్ కాఫ్ పోలేదు.' వయసు యాభై ఎనిమిది. 'స్లాబ్‌కాఫ్ వచ్చాక మేడమెట్లు కూర్చుని కూర్చుని ఎక్కుతున్నాను.' యాభై ఒకటి. 'స్లాఫ్ మూలాన పాడటం మానేశాను.' నలభై నాలుగు. 'అతను స్లాఫ్ అయ్యాడు, అతని టోపీ నాకిచ్చారు.' ముప్ఫై తొమ్మిది. 'స్లాఫర్లకి గేటు దగ్గర స్టూలు వేస్తారట.' ముప్ఫై మూడు. అట్టడుగున పోయినవారం చీటీ: 'నాకు స్లాఫ్ అని మా అమ్మకు తెలియనివ్వకు బావా.' ఇరవై ఏడు.

ఎక్కడ అన్నారు అనే గడిలో అన్నిటా ఒకటే. లోపలి గది. లోపలి గది. లోపలి గది.

ఒక మాట పొట్టిదవడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఇది నాలుగు నెలల్లో అరిగిపోయింది. అంటే రోజుకు ఎన్నిసార్లు అని ఉంటారు, ఎంతమంది అని ఉంటారు? ఒక్కడికి వస్తే పేరుపెట్టి చెబుతారు, ఫలానావాడికి బాగాలేదని. స్లాఫర్లు అని ఒక గుంపుకి మాట కావలసి వచ్చిందంటే ఆ పేర్లు చెప్పుకుపోలేనంత మంది ఉండాలి. ఇదంతా ఆమె వృత్తి. ఎవరైనా పరాయివాళ్ల మాట గురించి అడిగి ఉంటే కళ్లు మూసుకుని చెప్పేది. మూడక్షరాల ఆ పొడి మాట సంగతి ఇంకా ఘోరం. అలాంటివి నోట్లో పుట్టవు, ఫైళ్లలో పుడతాయి. పదేపదే రాయవలసి వచ్చి, రాసి రాసి చెయ్యి విసిగితేనే ఎవరైనా మూడక్షరాలకు కుదిస్తారు. దగ్గుతున్నవాళ్లకు తమ దగ్గుకు పేరు దొరకడానికి ఆరేళ్ల ముందే, ఆ ఫైలు రాసి రాసి ఎవరి చెయ్యో విసిగింది.

మరి ఆయన్ని రోజూ ఆ గదిలో కూర్చోమని పంపింది ఎవరు?

గమ్ సీసా నీళ్ల గ్లాసు తెచ్చి ఆమె రెండు చేతులూ దాని చుట్టూ పెట్టి, పైన తన చేతులు వేసి పట్టుకుంది.

పెద్దాయన అంతా చదివాడు. రెండోసారి వయసులు మాత్రం చదివాడు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, "ఇది అనుబంధంలో అచ్చయితే నలుగురూ చూస్తారు. అడగడానికో ఆధారం ఉంటుంది. కానీ మన నియమం తెలుసుగా తల్లీ. పది చేతుల సాక్ష్యం కావాలి. ఇవన్నీ నీ భర్త చేతిరాతే. ఎన్ని చీటీలున్నా ఒక్క సాక్షి కిందే లెక్క," అన్నాడు.

"అచ్చు సంగతి తర్వాతండీ. ఆయన సోమవారం ఆ గదిలోకి వెళ్తారు."

"చీటీ ఈ గడప దాటకూడదని నియమం పెట్టింది నేనే," అన్నాడు పెద్దాయన. కట్టకు కొత్త దారం తనే చుట్టి, ఖాళీ చీటీల పొట్లం ఒకటి పైన పెట్టి ఆమె చేతికిచ్చాడు. "ఇవాళ నేనే దాటిస్తున్నాను. దేవుడు తోడుంటాడు, వెళ్లు."

సాయంత్రం భర్త కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేసరికి, నేల మీద చాప పరిచి దాని మీద చీటీలన్నీ వరసగా పేర్చి ఉంది. ఆయన చూసి నవ్వాడు. "ఏమిటీ, పేకాటా?"

"ఆ గదిలోకి వెళ్లకండి."

"ఏ గది?"

"మీకు తెలుసు."

ఆయన కూర్చున్నాడు. "మాటలు చూసి ఎవరైనా పని వదులుకుంటారా? దగ్గు ఎవరికి రాదు? మొన్నటిదాకా నువ్వే కదా, ఇంకో చీటీ, ఇంకో చీటీ అని నా ప్రాణం తీశావు."

అన్న తర్వాత ఆ మాట ఆయనకే తగిలింది కాబోలు, తల దించుకున్నాడు.

"అవును, నేనే," అంది ఆమె. "చీటీ రాసింది మీరు, చదవవలసింది నేను. నేను చదవలేదు. ఇప్పుడు మీరు చదవండి. వాక్యాలు వద్దు, అవి మీకు తెలుసు. వయసులు చదవండి."

"యాభై ఎనిమిది," అన్నాడు. "యాభై ఒకటి." మొదట్లో బళ్లో ఎక్కం చెబుతున్నట్టే చదివాడు. "నలభై నాలుగు. ముప్ఫై తొమ్మిది." గొంతు తగ్గింది. ముప్ఫై మూడు దగ్గర ఆగాడు. చివరి చీటీ చదవలేదు. దాన్ని చేతిలోకి తీసుకుని, "వీడు నిన్నటినుంచి పనికి రావడం లేదు," అన్నాడు.

దగ్గొచ్చింది. మొహం పక్కకి తిప్పుకుని ఆపుకోబోయాడు. ఆగలేదు.

అత్తయ్య వేణ్ణీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది. "మూడు వారాల నుంచి కాచి పెడుతున్నాను నీకు. ఎందుకని నువ్వడగలేదు, నేను చెప్పలేదు. మీ నాన్న దగ్గు నాకు తెలుసురా, నీ చిన్నప్పటి కోరింత దగ్గూ తెలుసు. ఇది మనింటి దగ్గు కాదు," అంది. నీళ్లు తాగేదాకా ఆవిడ అక్కడినుంచి కదలలేదు.

"వెళ్లనులేవే," అన్నాడాయన చివరికి. తర్వాత చాప వైపు చూస్తూ, "మరి వీళ్లో?" అన్నాడు.

ఆమె ఖాళీ చీటీల పొట్లం ఆయన ముందుకు జరిపింది. "ఈసారి మీరు రాయొద్దు. వాళ్ల చేత్తో వాళ్లనే రాయమనండి. ఆ గదిలో కాదు, ఆరుబయట."

శుక్రవారం, శనివారం రెండు రోజులూ కార్ఖానా ఎదుట బస్సులు ఆగే చోట, పని దిగేవేళ, ఆయన నుంచున్నాడు. రాయడం వచ్చినవాళ్లు పక్కవాడి వీపు మీద కాగితం పెట్టుకుని రాశారు. ఇంగ్లీషు అక్షరాలు రానివాళ్లు తమ భాషలో రాశారు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చునే ముసలాయన ఒకడు, వాక్యం రాయడానికి ఓపిక లేక మాట ఒక్కటే రాసి, వయసు గడిలో మాత్రం ఎంతో శ్రద్ధగా అరవై అని దిద్దాడట.

శనివారం మేస్త్రీ వచ్చాడు. తను లోపలి గదికి రానని భర్త అతనికి చెప్పాడు.

"ఎందుకు రావు? మంచి చోటు కదా," అన్నాడు మేస్త్రీ.

"అక్కడివాళ్లందరికీ స్లాఫ్ అండీ."

"అలాంటి మాట ఏమీ లేదు. అది సీజన్ దగ్గు," అన్నాడు మేస్త్రీ. కాగితం చూసి అప్పజెబుతున్నవాడిలా, ఏ తొట్రుపాటూ లేకుండా అన్నాడు. ఆపైన ఆయన చేతిలోని చీటీల వైపు చూసి, గొంతు తగ్గించి, "ఎంతమంది రాశారు బావా?" అని అడిగాడు. ఆయన చెప్పలేదు. మేస్త్రీ వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం బోర్డు మీద లోపలి గది జాబితాలో ఆయన పేరు కొట్టేసి, కింద ఇంకో పేరు రాసి ఉంది. బయటి షెడ్డులో ఆయన పక్క యంత్రం మీద పనిచేసేవాడిది.

సోమవారం పొద్దున్న మొగుడూ పెళ్లాలిద్దరూ ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లారు. వరండాలో బల్ల మీద ఐదుగురు కూర్చుని ఉన్నారు. ఒకరు జరిగి ఆమెకు చోటిచ్చారు. దగ్గులు ఒకదాని తర్వాత ఒకటి, వంతులు వేసుకున్నట్టు వస్తున్నాయి.

లోపల డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చూశాడు. మనిషి చిన్నవాడే, కళ్లకింద నిద్రలేని నలుపు ఉంది. పెన్నుతో పై భాగాన రెండు చోట్ల చూపించాడు. సన్నగా, ఇసుక చల్లినట్టు ఉంది.

"మొదట్లోనే ఉంది. ఇక ఆ ధూళి దరిదాపులకి పోకండి. మూడు నెలలకోసారి ఫిల్ము తీద్దాం," అన్నాడు. "ఇది ముదరకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది. తీసేసే మందు లేదు."

భర్త తల ఊపాడు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

"అక్కడ దీన్నేమంటారు?" అని అడిగాడు డాక్టరు, కాగితం మీద రాస్తూ.

"వాళ్లు ఒకటంటారు, వీళ్లు ఒకటంటారు," అంది చీటీలమ్మ. సంచిలోంచి కట్ట తీసి బల్ల మీద పెట్టింది. "ఇరవై మూడు చేతిరాతలు ఉన్నాయి. ఎవరెవరన్నారో, వయసెంతో అన్నీ ఉన్నాయండి."

డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు. దారం విప్పి పైనున్న కంపెనీ కాగితం చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాతి చీటీ తీశాడు, ఆ తర్వాతిది. ఆయన వేగంగా చదవడం లేదు. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి, గుర్తుచేసుకుంటున్నవాడిలా ఆగి, పక్కన పెడుతున్నాడు. భర్త ఒక్కొక్కరి గురించీ చెబుతున్నాడు. ఇతను పాటలు పాడేవాడండి, మేం యంత్రాలు ఆపి వినేవాళ్లం. ఇతనికి మేడ మీద ఇల్లు, ఇప్పుడు కింద గదిలోకి మారాడు.

ఇరవై ఏడేళ్ల చీటీ దగ్గర డాక్టరు చెయ్యి ఆగిపోయింది.

"ఇతన్ని నేను చూశాను. పోయినవారం," అన్నాడు. "కంపెనీ నుంచి ఒక కాగితం తెచ్చుకున్నాడు. సీజన్ దగ్గు అని దాని మీద ముందే రాసి ఉంది. ఫిల్ము కూడా తీయకుండా నేనూ అదే రాసిచ్చి పంపేశాను." లేచి నుంచున్నాడు. "పనికి వస్తున్నాడా?"

"మంగళవారం నుంచి లేదండి."

"ఇల్లెక్కడో తెలుసా?"

"తెలుసు," అన్నాడు భర్త. అప్పటికే గుమ్మం వైపు నడుస్తున్నాడు. "వాళ్లమ్మ ఒక్కతే ఉంటుంది. మీరు రండి, నేను చూపిస్తాను."